లేని మనిషి కోసం

తెల్లారి నాలుగున్నరకి బల్లరాట్‌లో మా వీధిలో
పాల ట్యాంకర్ తోలే మా ఆయనా, నేనూ తప్ప
లేచినవాళ్ళు ఉండరు.
బయట ఆయన కారు అద్దం మీద మంచు గీకుతుంటాడు.
బర్రు బర్రుమని ఆ చప్పుడు వింటూ
బట్టలుతికే గదిలో తలుపేసుకుంటాను.

వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్,
పక్కన సబ్బుపొడి, జత పోయిన సాక్సులు.
గోడకి అంటించిన చీటీ:
"పేరంటాలికి మూడో అధ్యాయంలో ముప్పై ఆరు,
తొమ్మిదో అధ్యాయంలో ముప్పై నాలుగు. చూసుకో."
దేవుడికి ఈ తిప్పలు ఉండవనుకుంటా.
ఆయన దగ్గర తలవెంట్రుకలకి కూడా లెక్కుంది.

పేరంటాలు లంకల్లో పడవ వేస్తుంది.
నోరు పెద్దది. అప్పు ఎగ్గొట్టింది.
తోడికోడలు పోతే కంట తడి పెట్టలేదు.
మూడేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది,
పైసా అద్దె ఇవ్వకుండా.

నా పుస్తకాలకి నేనే అచ్చువేయించేదాన్ని, నేనే మోసేదాన్ని.
మొదటి నవల నూట యాభై కాపీలు,
రెండు నెలల నైట్ డ్యూటీల డబ్బు.
ఎనభై ఏడు ఇంకా గరాజ్‌లో
గొర్రె ఎరువు బస్తాల పక్కన ఉన్నాయి.
పుచ్చుకున్నవాళ్ళని చదివారా అని అడగకూడదని
ఆలస్యంగా తెలిసింది.
ఒక్క ఉత్తరం వచ్చింది, టూవూంబా నుంచి, ఎవరో వెల్డర్:
"టీ విరామాల్లో పూర్తిచేశాను. మా పిన్ని గుర్తొచ్చింది.
అచ్చుతప్పులు పదకొండు."
దాన్ని బైబిల్లో పెట్టుకున్నాను,
పెళ్ళి ఫోటో ఉన్న పేజీలోనే.

ఆరున్నరకి కెజియా బూటొకటి కనపడదు.
టోస్టు మాడుతుంది. స్కూలు బస్సు మలుపు తిరుగుతుంది.
వాక్యం ఏటి నడుమ ఆగిపోతుంది.
గెడ పైకెత్తిన పేరంటాలు
రాత్రి దాకా అలాగే నిలబడి ఉంటుంది.
వృద్ధాశ్రమంలో కీత్‌కి వీపు రుద్దుతూ
"ఇంకాస్త ఓర్చుకో" అంటాను.
తనతోనే అనుకుంటాడు పాపం.
తనతో కూడా.

శనివారం రాత్రి రాసింది చదివి వినిపిస్తాను,
చూపు మసకబారిన మా అత్తగారు సువార్తమ్మకి.
"దాని పొగరు దిగాలి" అంటుంది,
"తరవాత?" అంటుంది.
మొన్న కుటుంబ ప్రార్థనలో ఆవిడ వరస:
చెల్లెలి మోకాళ్ళు, కొడుకు ట్యాంకర్,
వాన లేని ఇక్కడి రైతులు, కెజియా లెక్కల పరీక్ష,
"తండ్రీ, ఆ పేరంటాలికి కాస్త బుద్ధియ్యి.
దాన్ని మాత్రం చంపనివ్వకు."

కెజియా కిసుక్కుమంది.
నేను కళ్ళు తెరిచేశాను.
పద్నాలుగో అధ్యాయం అప్పటికే రాసేశాను.
వరద, అర్ధరాత్రి, విరిగిన గెడ.
బాగా కుదిరింది కూడా.

"అత్తయ్యా, ఆ మనిషి లేదు. నేను కల్పించాను."
"లేని మనిషి కోసమా
మూడేళ్ళు కాఫీ చల్లార్చుకు తాగావు?"
ఆమెన్ అనేసి మంచం వైపు తడుముకుంటూ వెళ్ళింది.

మర్నాడు ఆదివారం సంత.
అక్కడ బల్ల వేస్తే నాలుగు పుస్తకాలు పోయేవేమో.
గుడిలో కూర్చున్నాను.
స్తోత్రం చెప్పండి అంటే అందరూ
ఉద్యోగం, వీసా, కొత్త ఇల్లు అని లేచి చెప్పారు.
నాకు నోట్లో ఏదో అడ్డుపడింది.
పదకొండు అచ్చుతప్పులకి స్తోత్రం అని
ఎలా చెప్పడం, అంతమందిలో?
కానుకల సంచి వస్తే దాంట్లో పది డాలర్లు వేసి
తల దించుకున్నాను.

ఇవాళ సోమవారం. మళ్ళీ నాలుగున్నర.
పద్నాలుగో అధ్యాయం తెరిచి పెట్టుకున్నాను.
నీళ్ళు మెడల దాకా ఉన్నాయి.
గెడ ఇంకా విరగలేదు.
ఏం చేస్తానో నాకే తెలీదు,
శనివారం దాకా అత్తయ్యకీ తెలీదు.

బయట గీకుడు ఆగి, మళ్ళీ మొదలైంది.
ఇప్పుడది నా కారు.
నా డ్యూటీ మధ్యాహ్నం.
అప్పటికి ఆ మంచు దానంతటదే కరుగుతుంది.
ఆయనకి ఆ సంగతి తెలుసు.